కాళ్ళు గుంజడం కూడా ఒక జబ్బే

తెలుగులో ఈ జబ్బుకి పేరు లేదు. సగం కష్టం అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం.

ఇంగ్లీషులో దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు, పొట్టిగా ఆర్ఎల్ఎస్. మా ఖమ్మం వైపు "కాళ్ళు గుంజుతున్నాయి" అంటాం. కృష్ణా, గుంటూరు వాళ్ళు "పీకుతున్నాయి", "లాగుతున్నాయి" అంటారు. కొంతమంది "పిక్కల్లో పురుగులు పాకినట్టుంది" అంటారు. ఇంకొంతమంది ఎలా చెప్పాలో తెలీక "అదోలా ఉంది" అని ఊరుకుంటారు. చిక్కేంటంటే రోజంతా వంగి మిరపకాయలు కోసినా కాళ్ళు గుంజుతాయి, షుగర్ ఉన్నా గుంజుతాయి, వయసు మీద పడినా గుంజుతాయి. అన్నిటికీ ఒకటే మాట. ఒకే ఎర్రర్ మెసేజ్‌తో పది రకాల బగ్స్ వస్తుంటే సపోర్ట్ వాళ్ళు ఏం చేస్తారు? ఒకసారి రీస్టార్ట్ చేసి చూడమంటారు. మన డాక్టర్లలో చాలామందీ అంతే, ఒక బీ కాంప్లెక్స్ రాసి పంపించేస్తారు :)

నేను చెప్పదల్చుకున్నది ఒకటే. ఈ జబ్బుని పట్టుకోవడానికి డాక్టర్ ఒక ప్రశ్న అడగాలి, ల్యాబ్‌లో ఒక రక్త పరీక్ష చేయించాలి. ఈ రెండూ మామూలు ఆనవాయితీ అయితే చాలామందికి రాత్రిళ్ళు నిద్ర దొరుకుతుంది. ఇది పెద్ద ఊళ్ళ కంటే మా అడవి అంచు ఊళ్ళకే ఎక్కువ అవసరం. ఎందుకో కింద చెప్తాను.

ముందు జబ్బు సంగతి. డాక్టర్లు ఐదు విషయాలు చూస్తారు. ఒకటి, కాళ్ళు కదపాలని ఆపుకోలేనంత తహతహ. దాంతో పాటు పిక్కల లోపల పాకినట్టో, జివ్వుమన్నట్టో ఉండొచ్చు. రెండు, ఊరికే కూర్చున్నప్పుడో, పడుకున్నప్పుడో అది మొదలవడం. మూడు, లేచి నడిస్తే, నడుస్తున్నంతసేపూ తగ్గడం. నాలుగు, సాయంత్రం, రాత్రి పూట ఎక్కువవడం. ఐదు, ఇదంతా పిక్కలు పట్టేయడం, కీళ్ళ నొప్పులు, కాళ్ళ వాపు లాంటి వేరే కారణం వల్ల కాకపోవడం.

అంతే. స్కానింగులు అక్కర్లేదు. పిక్క పట్టేస్తే కండ గట్టిగా అయిపోయి నొప్పి పెడుతుంది. తిమ్మిరెక్కితే కాలు మొద్దుబారుతుంది. పొలం పని వల్ల వచ్చిన నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే పెరుగుతుంది. అడిగితే తెలిసిపోయే తేడా ఇది, కానీ అడగాలి కదా.

ఇంకో మాట. ఆఫీసులో డెస్క్ కింద కాలు ఊపేవాళ్ళందరికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. వాళ్ళని ఆపమంటే ఆపేస్తారు, మళ్ళీ గుర్తు లేకుండా ఊపుతారు. ఆర్ఎల్ఎస్ ఉన్నవాళ్ళు ఆపితే లోపల ఒత్తిడి పెరుగుతూ పోతుంది, చివరికి లేచి నిలబడాల్సిందే.

నాకు ఇది తొమ్మిదో తరగతి నుంచి ఉంది. మా ఊరు పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి మొదలయ్యే చోట. కాళ్ళు ఊపితే దరిద్రం అని ఇంట్లో పెద్దవాళ్ళు తిట్టేవాళ్ళు. మా అమ్మ మాత్రం ఎప్పుడూ తిట్టలేదు, ఎందుకంటే అమ్మకీ ఉంది. అమ్మమ్మకీ ఉండేది. అమ్మమ్మ రాత్రిళ్ళు పాత చీర చింపి పిక్కలకి బిగించి కట్టుకునేది. చిన్నప్పుడు మా పిల్లలందర్నీ పిలిచి కాళ్ళు తొక్కించుకునేది. గోడ పట్టుకుని ఆవిడ కాళ్ళ మీద నిలబడి తొక్కుతుంటే కాసేపు ప్రాణం కుదుటపడేది. మూడు తరాలు ఒకే ఇంట్లో రాత్రిళ్ళు వాకిట్లో తిరుగుతుంటే, అది జబ్బని ఎవరికీ అనిపించలేదు. "మా వంశంలో కాళ్ళు అంతే" అనేవాళ్ళు.

ఒకరకంగా వాళ్ళు చెప్పింది కరెక్టే. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు. 2007లో ఐస్‌లాండ్ వాళ్ళ బృందం ఒకటి, జర్మనీ వాళ్ళ బృందం ఒకటి విడివిడిగా దీనికి సంబంధించిన జన్యువుల్ని గుర్తించాయి. కానీ వంశంలో ఉంది కాబట్టి చేయగలిగిందేమీ లేదనుకోవడం మాత్రం నిజం కాదు.

ఉద్యోగంలో చేరాక ఇది ఇంకా ముదిరింది. రాత్రి తొమ్మిదింటికి ఆన్‌సైట్ వాళ్ళతో కాల్, సరిగ్గా కాళ్ళు మొదలయ్యే టైము. నేను మ్యూట్‌లో పెట్టి హాల్లో అటూ ఇటూ నడుస్తూ మీటింగులు అటెండ్ అవుతాను. పండక్కి ఊరెళ్ళాలంటే హైదరాబాద్ నుంచి సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం మీదుగా రాత్రి బస్సు. అందరూ నిద్రపోతారు. నేను మాత్రం డ్రైవర్ వెనక రాడ్ పట్టుకుని నిలబడి ఉంటాను. స్లీపర్ బస్సయితే మరీ నరకం, లేచి నిలబడే చోటు కూడా ఉండదు.

వైద్యం కథ కూడా క్లుప్తంగా చెప్తాను. మొదటి డాక్టర్ బీ కాంప్లెక్సూ, కాల్షియమూ రాశారు. రెండో ఆయన "సాఫ్ట్‌వేర్ కదా, స్ట్రెస్" అని నిద్ర మాత్ర రాశారు. ఊళ్ళో ఆర్ఎంపీ నిద్ర పట్టడానికని ఎవిల్ బిళ్ళ ఇచ్చాడు. మగత వచ్చే ఆ పాతతరం అలర్జీ బిళ్ళలు ఈ జబ్బుని ఎక్కువ చేస్తాయి. అంటే ఒళ్ళంతా నిద్రకి తూలుతుంటుంది, కాళ్ళు మాత్రం పడుకోనివ్వవు. అంతకంటే దారుణం ఇంకోటి లేదు.

నాలుగో చోట ఒక న్యూరాలజిస్టు అడిగిన మొదటి ప్రశ్న: "మీ ఇంట్లో ఇంకెవరైనా రాత్రిళ్ళు ఇలా నడుస్తారా?" రెండో పని, సీరం ఫెరిటిన్ అనే పరీక్ష రాయడం. కొన్ని వందల రూపాయల్లో అయిపోయే పరీక్ష. అన్నేళ్ళలో ఎవరూ రాయలేదు.

నా హిమోగ్లోబిన్ 13.6. నార్మల్. ఫెరిటిన్ 31. ల్యాబ్ కాగితం మీద అదీ నార్మలే, ఎర్ర రంగు గుర్తేమీ లేదు. ఇక్కడే అసలు విషయం ఉంది.

మా వైపు రైలెక్కినవాళ్ళకి తెలుసు, "భద్రాచలం రోడ్" అని బోర్డు చూసి దిగితే అది కొత్తగూడెం. రాముడి గుడికి ఇంకా 40 కిలోమీటర్లు బస్సెక్కాలి. హిమోగ్లోబిన్ నార్మల్ అని రిపోర్టు రావడం కూడా అలాంటిదే. రక్తంలో ఇవ్వాళ తిరుగుతున్న సరుకు ఎంతో హిమోగ్లోబిన్ చెప్తుంది. గోడౌన్‌లో నిల్వ ఎంతుందో ఫెరిటిన్ చెప్తుంది. గోడౌన్ ఖాళీ అయిపోతున్నా కొన్నాళ్ళు షాపులో సరుకు నిండుగానే కనిపిస్తుంది. ల్యాబ్ వాళ్ళు ఇచ్చే నార్మల్ రేంజ్ మామూలు జనం కోసం. ఆర్ఎల్ఎస్ ఉన్న పెద్దవాళ్ళలో ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 20 శాతం కంటే తక్కువ ఉన్నా ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచించాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెప్తోంది.

కాళ్ళకీ ఐరన్‌కీ ఏంటి సంబంధం అంటారా? మెదడులో డోపమిన్ తయారవడానికి ఐరన్ కావాలి. ఈ జబ్బు ఉన్నవాళ్ళ మెదడులో కొన్ని భాగాల్లో ఐరన్ తక్కువగా ఉంటోందని స్కానుల్లోనూ, వెన్ను ద్రవం పరీక్షల్లోనూ చాలాసార్లు తేలింది. రక్తంలో ఐరన్ సరిపడా ఉన్నవాళ్ళలో కూడా అంతే. ఇదేమీ కొత్త సంగతి కాదు. 1945లో ఈ జబ్బుకి పేరు పెట్టిన స్వీడన్ డాక్టర్ కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ తర్వాత, 1950ల మొదట్లోనే నార్డ్‌లాండర్ అనే ఇంకో స్వీడన్ డాక్టర్ ఐరన్ ఇంజెక్షన్లు ఇచ్చి రోగులకి ఉపశమనం కలిగించాడు. డెబ్భై ఏళ్ళు దాటింది. మన దగ్గర ఇంకా బీ కాంప్లెక్స్ దగ్గరే ఉన్నాం.

నా ఐరన్ ఎటు పోయిందో కూడా డాక్టర్ ఆరా తీశారు. మగవాళ్ళలో నిల్వ తగ్గితే కడుపులో పుండు, మొలలు లాంటివి ఉన్నాయేమో చూడాలట. అవేమీ లేవు. ఇంజనీరింగ్ రోజుల నుంచి ఏడాదికి మూడుసార్లు రక్తదానం చేస్తున్నాను. ఒకసారి ఇస్తే సుమారు 200 మిల్లీగ్రాముల ఐరన్ బయటికి పోతుంది, మన ఒంటికి తిండి నుంచి రోజుకి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. లెక్క మీరే వేసుకోండి. మన కంపెనీల్లో క్యాంపులు పెట్టినప్పుడు హిమోగ్లోబిన్ చూసి తీసుకుంటారు కానీ ఫెరిటిన్ చూడరు. రక్తదానం మానమని నేను అనట్లేదు, తరచూ ఇచ్చేవాళ్ళు ఏడాదికొకసారి నిల్వ చూసుకుంటే మంచిదని అంటున్నాను.

రోజు విడిచి రోజు ఐరన్ మాత్ర, నిమ్మరసంతో. ముందూ వెనకా గంటా రెండు గంటలు టీ కాఫీ బంద్, ఎందుకంటే టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. రోజూ వేసుకుంటే ఇంకా త్వరగా ఎక్కుతుందనుకుంటాం కానీ, ఒక మాత్ర పడగానే మర్నాడు పేగులు ఐరన్ తీసుకోవడం తగ్గించేస్తాయి. అందుకే ఒకరోజు గ్యాప్. ఆరు నెలలకి ఫెరిటిన్ 82కి వచ్చింది. వారంలో ఐదారు రాత్రులు నడిచేవాడిని ఒకటి రెండు రాత్రులకి వచ్చాను. పూర్తిగా పోలేదు, పోతుందని ఎవరూ మాటివ్వలేదు. కానీ తేడా తెలుస్తోంది.

ఇప్పుడు మా అడవి అంచు సంగతికొస్తాను.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. సగం కంటే ఎక్కువ. ఇక ఏజెన్సీలో మలేరియా, నులిపురుగులు, వెంటవెంటనే కాన్పులు, తిండి చాలకపోవడం అన్నీ కలుస్తాయి. రక్తహీనత ఉన్న ప్రతి మనిషికీ ఆర్ఎల్ఎస్ ఉంటుందని కాదు. 2007లో వచ్చిన బెంగళూరు సర్వేలో నూటికి ఇద్దరికి ఉన్నట్టు తేలింది. కానీ ఐరన్ తక్కువున్న చోట, గర్భిణులున్న చోట ఇది ఎక్కువగా ఉంటుందని తెలిసిన విషయమే. నెలలు నిండుతున్నకొద్దీ కాళ్ళు గుంజడం పెరుగుతుందని మన ఆడవాళ్ళు ఎప్పటినుంచో చెప్తున్నారు, "కడుపుతో ఉంటే మామూలే" అని మనం కొట్టిపారేస్తున్నాం.

విచిత్రం ఏంటంటే, మందు ఆల్రెడీ ఊళ్ళో ఉంది. ఆశా వర్కర్ల చేతిలోనే ఉంది. 2018లో మొదలైన ఎనీమియా ముక్త్ భారత్ కింద గర్భిణులకి 60 మిల్లీగ్రాముల ఐరనూ, ఫోలిక్ యాసిడూ ఉన్న ఎర్ర మాత్రలు రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇవ్వాలి. ఇస్తారు కూడా. వేసుకునేవాళ్ళే తక్కువ. మా అమ్మ సంగతే చూడండి. హిమోగ్లోబిన్ 9.8, ఫెరిటిన్ 7. ఇంట్లో బీరువాలో మాత్రల షీట్లు అలాగే ఉన్నాయి. "కడుపులో తిప్పుతుంది, దొడ్డికి నల్లగా అవుతుంది, నాకెందుకురా" అనేది. రక్తం పడుతుందని ఎంతమంది చెప్పినా వినలేదు. రక్తం పడటం కంటికి కనిపించే విషయం కాదు కదా. "అమ్మా, ఇది నీ కాళ్ళకి మందు" అని డాక్టర్ చేత చెప్పించాక వేసుకోవడం మొదలుపెట్టింది. మూడో నెలలో తనే ఫోన్ చేసి మాత్రలు అయిపోయాయి అని చెప్పింది.

అందుకే నా వాదన ఇది. ఆశా వర్కర్లూ, ఏఎన్ఎంలూ మాత్ర ఇచ్చేటప్పుడు "రాత్రిళ్ళు కాళ్ళు గుంజుతున్నాయా? పడుకుంటే ఎక్కువవుతుందా?" అని ఒక్క ప్రశ్న అడగాలి. అవునంటే డాక్టర్ దగ్గరికి పంపాలి. హిమోగ్లోబిన్ పెరగాలని మాత్ర మింగేవాళ్ళు తక్కువ, నిద్ర పడుతుందంటే మింగేవాళ్ళు ఎక్కువ. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, ఫారంలో ఒక గడి చాలు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాళ్ళ కోసం హైదరాబాద్, విజయవాడ బస్సెక్కే అవసరం చాలామందికి తప్పాలి.

అలాగని అందరికీ గుడ్డిగా ఐరన్ పంచమని కాదు. మా వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది, దాని కోసం కేంద్రం 2023 జూలైలో ప్రత్యేక మిషన్ కూడా మొదలుపెట్టింది. సికిల్ సెల్, తలసీమియా ఉండి తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్ళకి ఐరన్ ఒంట్లో పేరుకుపోతుంది, వాళ్ళకి ఇంకా ఇస్తే ప్రమాదం. జ్వరమో, ఇన్‌ఫెక్షనో ఉన్నప్పుడు ఫెరిటిన్ తప్పుడుగా ఎక్కువ చూపిస్తుంది, అందుకే మలేరియా తిరిగే చోట శాచురేషన్ కూడా కలిపి చూడాలి. కాబట్టి మెడికల్ షాపుకెళ్ళి మీరే కొనుక్కోకండి. ముందు పరీక్ష, తర్వాత మాత్ర.

ఇక మందుల సంగతి ఐటీ వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. మనం గూగుల్ చేసి నేరుగా పెద్ద న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తాం. చాలా ఏళ్ళు ఈ జబ్బుకి మొదటి మందు రోపినిరోల్, ప్రామిపెక్సోల్. అమెరికాలో 2005లో ఒకటి, 2006లో ఒకటి అనుమతి పొందాయి. మొదటి వారంలోనే అద్భుతంగా పనిచేస్తాయి. కొన్ని నెలలకో ఏళ్ళకో అసలు రంగు బయటపడుతుంది: రాత్రి పదింటికి మొదలయ్యేది సాయంత్రం ఐదింటికే మొదలవుతుంది, కాళ్ళతో ఆగకుండా చేతులకీ పాకుతుంది, డోసు పెంచేకొద్దీ ఇంకా ముదురుతుంది. దీన్ని ఆగ్మెంటేషన్ అంటారు. కొంతమందికి జూదం, షాపింగ్ లాంటివాటి మీద ఆపుకోలేని యావ పుడుతుంది. ఫోన్‌లోనే ట్రేడింగ్ యాప్ ఉన్న మనలాంటివాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. అందుకే 2025లో వచ్చిన స్లీప్ అకాడమీ మార్గదర్శకాలు ఈ మందుల్ని మామూలుగా వాడొద్దనే వైపు మొగ్గాయి. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ జాతి మందులకీ, అవసరమైనవాళ్ళకి నరం ద్వారా ఎక్కించే ఐరన్‌కీ ముందు పీట వేశాయి. ఈ కొత్త మందులకీ మగత, తల తిరగడం ఉంటాయి. ఇప్పటికే ప్రామిపెక్సోల్ వాడుతున్నవాళ్ళు ఇది చదివి ఠక్కున ఆపేయకండి, కాళ్ళు భరించలేనంతగా తిరగబడతాయి. డాక్టర్‌తో మాట్లాడి మెల్లిగా తగ్గించుకోవాలి.

"ఇదంతా మందుల కంపెనీలు పుట్టించిన జబ్బు" అని మా టీమ్‌లో ఒకతను అంటాడు. అతని మాటలో కొంత నిజం లేకపోలేదు. రోపినిరోల్ అమ్ముకోవడానికి గ్లాక్సో స్మిత్‌క్లైన్ ఈ జబ్బు గురించి ఎంత ప్రచారం చేసిందో, మీడియా దాన్ని ఎలా ఊదరగొట్టిందో 2006లో వొలోషిన్, ష్వార్ట్జ్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు వివరంగా రాశారు. మామూలు చికాకు ఉన్నవాళ్ళని కూడా రోగులుగా మార్చే ప్రమాదం ఉందన్న వాళ్ళ హెచ్చరిక ఇప్పటికీ నిలబడుతుంది. కానీ థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు డాక్టర్ 17వ శతాబ్దంలోనే ఈ జబ్బు గురించి రాశాడు, అప్పటికి ఏ కంపెనీ లేదు. మా అమ్మమ్మ పిక్కలకి గుడ్డ కట్టుకున్నది టీవీలో యాడ్ చూసి కాదు. పైగా ప్రచారం చేసి అమ్మిన మందే ఇవ్వాళ వెనక్కి పోయింది, ఎవరూ ప్రచారం చేయని ఐరన్ మాత్ర ముందుకొచ్చింది. లాభం లేని మందుకి సేల్స్‌మన్ ఉండడు. అందుకే మనలాంటివాళ్ళం నోరు తెరిచి చెప్పుకోవాలి.

మీకు ఈ లక్షణాలు ఉంటే నా సలహాలు ఇవి. డాక్టర్ దగ్గర "కాళ్ళు నొప్పి" అనకండి, "పడుకుంటే కదపాలనిపిస్తుంది, నడిస్తే తగ్గుతుంది, రాత్రి ఎక్కువ" అని మూడు ముక్కల్లో చెప్పండి. ఫెరిటిన్, శాచురేషన్ రెండూ పొద్దున్నే పరగడుపున చేయించమని అడగండి. మీరు వాడే అలర్జీ, వాంతుల, డిప్రెషన్ మందుల లిస్టు చూపించండి, వాటిలో కొన్ని దీన్ని పెంచుతాయి. కానీ వాటిని మీ అంతట మీరు ఆపొద్దు. సాయంత్రం కాఫీ, మందు తగ్గించి చూడండి. కిడ్నీ జబ్బు ఉండి డయాలసిస్ చేయించుకునేవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళనీ అడగండి, వాళ్ళలో ఇది బాగా ఎక్కువ.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు తిన్నారా, వానలు పడ్డాయా అన్నీ అడుగుతాం కదా. అమ్మనీ, అమ్మమ్మనీ ఇంకొక్క మాట అడగండి: "రాత్రి కాళ్ళు ఎలా ఉంటున్నాయి?" నేను అడిగేదాకా మా అమ్మ ఇరవై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు లేరు మరి.